ప్రకాశం పంతులికి ఎర్రజెండా ఓటు

ఇద్దరిలో ఎవుడికీ ఓటెయ్యబుద్ధి కాదు. అయినా ఆ ఇద్దరిలో ఒకడే గెలుస్తాడు. అప్పుడు మనమేం చెయ్యాలి? కాస్త నయం అనిపించినవాడికి ఓటేసి గండం గట్టెక్కాలా? గెలవడని తెలిసినా మన జెండా మనిషికే ఏసుకోవాలా? అదీ కాకపోతే బూతు మొహం చూడకుండా ఇంట్లో కూకోవాలా? ఎలక్షన్ వచ్చిన ప్రతిసారీ మా ఏజెన్సీలో సంఘాల మనుషుల మధ్య నడిచే తగువు ఇదే. కొయ్యూరులో ఇదే, చింతపల్లిలో ఇదే, పాడేరులో ఇదే.

ఈ తగువులో ఎదటోడు అమ్ముడుపోయేడని తిట్టడం సులువు. నేను తిట్టదల్చుకోలేదు. ఒక మనిషి కథ చెప్తాను, ఇనండి. ఆయన పేరు అందరికీ తెలుసు. బెజవాడ బ్యారేజీకి ఆయన పేరే, ఒక జిల్లాకీ ఆయన పేరే. కానీ ఆయన్ని ముఖ్యమంత్రిని చెయ్యడానికి ఒకప్పుడు కమ్యూనిస్టులు చెయ్యెత్తేరన్న సంగతి మనోళ్లలో చాలామందికి తెలీదు. ఆయనే టంగుటూరి ప్రకాశం పంతులు.

పుట్టింది 1872 ఆగస్టు 23న, ఒంగోలు దగ్గర వినోదరాయునిపాలెంలో. తండ్రి చిన్నప్పుడే పోయేడు. తల్లి సుబ్బమ్మ ఒంగోలులో పూటకూళ్లిల్లు నడిపి పిల్లల్ని సాకింది. పూటకూళ్లమ్మ కొడుకంటే ఆ రోజుల్లో ఊరికి చులకనే. కుర్రాడు నాటకాల పిచ్చిలో పడి తిరుగుతుంటే, ఇమ్మనేని హనుమంతరావు నాయుడు అనే మేష్టారు చేరదీసి చదివించేడు, తనతో రాజమండ్రి తీసుకెళ్లేడు. అక్కడే ప్రకాశం ప్లీడరయ్యేడు, మునిసిపల్ చైర్మనయ్యేడు. తర్వాత ఇంగ్లండు వెళ్లి బారిష్టరు చదివి, మద్రాసు హైకోర్టులో దిగేడు. డబ్బు వరదలా వచ్చింది. 1921లో గాంధీ మాట మీద ఆ ప్రాక్టీసంతా ఒగ్గేసేడు. స్వరాజ్య అని పత్రిక పెట్టి, సంపాదించినదంతా అందులో పోసేడు. 1928 ఫిబ్రవరిలో సైమన్ కమిషన్‌ని వెనక్కి పొమ్మన్న రోజున, మద్రాసు వీధిలో తుపాకీ ముందు గుండె చూపించి నిలబడ్డాడు. ఆంధ్రకేసరి అయ్యేడు.

బడి పుస్తకం ఇక్కడ ఆగిపోద్ది. మనకి కావాల్సిన కథ ఇక్కడి నుంచే మొదలవుద్ది.

1937లో మద్రాసులో కాంగ్రెస్ మంత్రివర్గం వచ్చింది. రాజాజీ ముఖ్యుడు, ప్రకాశం రెవెన్యూ మంత్రి. జమీందారీల మీద విచారణ కమిటీ ఏసి దానికి ఆయనే అధ్యక్షుడయ్యేడు. ఊరూరా తిరిగి రైతుల గోడు ఇన్నాడు. భూమి రైతుదే, జమీందారు శిస్తు వసూలు చేసేవాడు మాత్రమేనని ఆ కమిటీ తేల్చింది. చట్టం అయ్యేలోపు 1939లో మంత్రివర్గమే రాజీనామా చేసింది. అయినా ఆ నివేదిక రైతు ఉద్యమానికి పెద్ద బలమయ్యింది. మా కొండల సంగతి వేరు. పోడు మీద ఆంక్షలు, రోడ్డు పనుల ఎట్టి చాకిరీ భరించలేక మా పెద్దోళ్లు 1922లో సీతారామరాజు ఎనక నడిచేరు. 1924 మే 7న ఆయన్ని చంపింది మా కొయ్యూరులోనే. అంత నెత్తురు కారినా ఏజెన్సీలో ముఠాదారీ పద్ధతి 1969లో గానీ రద్దవ్వలేదు. అంచేత మైదానంలో జరిగిన మంచి కొండెక్కడానికి ఎంత కాలం పడద్దో మాకు బాగా తెలుసు. పంతులుగారి గురించి రాసేటప్పుడు కూడా నాకు ఆ లెక్క గుర్తుంటాది.

1946లో ప్రకాశం మద్రాసు ప్రధాని అయ్యేడు. అప్పట్లో ముఖ్యమంత్రిని అలాగే పిలిచేవారు. గాంధీకి ఇష్టం లేదు, ఢిల్లీ పెద్దలకి ఇష్టం లేదు, వాళ్లు రాజాజీ కావాలన్నారు. ఎమ్మెల్యేలు ఈయన్నే ఎన్నుకున్నారు. మొండి మనిషి. మిల్లులు వద్దు, ఖద్దరు కావాలన్నాడు. ఫిర్కా అభివృద్ధి అని పల్లెల పథకం పెట్టేడు. ఇదే మొండితనం ఇంకోవైపు కూడా పనిచేసింది. సమ్మెలు, రైతు పోరాటాలు పెరుగుతుంటే 1947 జనవరిలో ఆర్డినెన్సు తెచ్చేడు. విచారణ లేకుండా లోపలెయ్యొచ్చు. రాష్ట్రమంతా కమ్యూనిస్టుల్ని పట్టుకెళ్లి జైళ్లలో పెట్టేరు. జనం దాన్ని ప్రకాశం ఆర్డినెన్సు అనే పిలిచేరు. రెండు నెలలు తిరక్కుండానే, మార్చిలో, సొంత కాంగ్రెసువాళ్లే ఆయన్ని దించేసేరు.

ఈ ఆర్డినెన్సుని బాగా గుర్తెట్టుకోండి. అయిదేళ్ల తర్వాత కథ దీని దగ్గరికే వస్తాది.

1951లో ప్రకాశం కాంగ్రెస్ ఒగ్గేసి కృపలానీ పెట్టిన కిసాన్ మజ్దూర్ ప్రజా పార్టీలో చేరేడు. రంగాగారు వేరే కృషికార్ లోక్ పార్టీ పెట్టుకున్నాడు. అదే ఏడు అక్టోబరులో కమ్యూనిస్టులు తెలంగాణ సాయుధ పోరాటం ఆపి ఎలక్షన్లలోకి దిగేరు. 1952లో మొదటి సాధారణ ఎన్నికలు. జైల్లో ఉన్న తరిమెల నాగిరెడ్డి అనంతపురంలో సొంత బావ నీలం సంజీవరెడ్డిని ఓడించేడు. మద్రాసు అసెంబ్లీ 375 సీట్లలో కాంగ్రెసుకి 152 వచ్చేయి. మెజారిటీకి 188 కావాలి. కమ్యూనిస్టులకి 62, ప్రజా పార్టీకి 35.

కాంగ్రెసుని ఆపాలంటే మిగతావాళ్లు కలవాలి. కలవాలంటే ఒక మనిషి కావాలి. ఎర్రజెండా మనిషిని చిన్న పార్టీలూ ఇండిపెండెంట్లూ ఒప్పరు. అందుకని కమ్యూనిస్టులు, ఆర్డినెన్సు పెట్టి తమని జైల్లో ఏసిన ఆ ముసలాయన్నే నాయకుడిగా ఒప్పుకున్నారు. ఐక్య ప్రజాతంత్ర సంఘటన కట్టి, 166 మంది ఉన్నారని గవర్నరుకి చెప్పేరు. అంతకన్నా అసలైన రాజీ అభ్యర్థి తెలుగు రాజకీయాల్లో ఇంకొకడు కనపడడు.

గవర్నరు శ్రీప్రకాశ ఆళ్లని పిలవలేదు. ఎన్నికల్లో నిలబడని రాజాజీని కౌన్సిల్‌కి నామినేట్ చేసి ముఖ్యమంత్రిని చేసేడు. చిన్న పార్టీల్ని ఒక్కొక్కటే లాక్కున్నారు, ఒకరికి మంత్రి పదవి కూడా ఇచ్చేరు. జూలైలో విశ్వాస తీర్మానం 200కి 151తో నెగ్గింది. రాజీ లెక్క తప్పింది.

కమ్యూనిస్టులు చేసింది తప్పా? నా మటుకు నేను తప్పనను. పాత పగ కన్నా ముందున్న పని పెద్దదని చూసేరు. ఆ పనికి పేరుంది: ఆంధ్ర రాష్ట్రం. అది ప్రకాశం కోరికే, కమ్యూనిస్టుల కోరికే. ఒక మనిషిలో అన్నీ నచ్చాలని కూకుంటే ఎవుడితోనూ కలవలేం. లోటు ఎక్కడుందంటే, పంతులుగారికి మద్దతిచ్చేరు గానీ పంతులుగారిని కట్టేసే తాడు వాళ్ల చేతిలో లేదు. ఆ సంగతి ఏడాదిన్నరకే తేలిపోయింది.

1952 డిసెంబరు 15న పొట్టి శ్రీరాములు నిరాహార దీక్షలో ప్రాణం ఒదిలేడు. 1953 అక్టోబరు 1న కర్నూలు రాజధానిగా ఆంధ్ర రాష్ట్రం వచ్చింది. కొత్త అసెంబ్లీలో కాంగ్రెస్ బలం, కమ్యూనిస్టుల బలం ఇంచుమించు సమానం. మధ్యలో ప్రకాశం. ఈసారి కాంగ్రెసే తెలివిగా రాజీ ఆట ఆడింది. తన మనిషి కాని ప్రకాశానికి ముఖ్యమంత్రి పీఠం ఇస్తానంది. ఆయన తన పార్టీకి రాజీనామా ఇచ్చి పీఠమెక్కేడు. సంజీవరెడ్డి ఉపముఖ్యమంత్రి. నిన్నటి దాకా పంతులుగారి ఎనక నిలబడ్డ కమ్యూనిస్టులు ఆయన ఎదర ప్రతిపక్షం బెంచీల్లో కూకున్నారు. అప్పటికి ఆయనకి 81 ఏళ్లు.

పదవి కోసం అమ్ముడుపోయేడని అప్పుడే చాలామంది అన్నారు. నేనలాగ అనలేను. ఆ ఏడాదిలో ఆయన పని చేసేడు. 1952 వరదలో కొట్టుకుపోయిన కృష్ణా ఆనకట్ట చోట బ్యారేజీకి పని మొదలెట్టించేడు. తిరుపతిలో యూనివర్సిటీ, గుంటూరులో హైకోర్టు 1954లోనే వచ్చేయి. డబ్బు కూడబెట్టుకోలేదు, చచ్చేనాటికి చేతిలో చిల్లిగవ్వ లేని మనిషి. కాబట్టి ఇక్కడ మనం చూడాల్సింది ఆయన గుణం కాదు. ఎంత గుణవంతుడైనా తన కింద ఉన్న బలం ఎటు లాగితే అటే పోతాడు. 1952లో ఆ బలం ఎర్రజెండాది, 1953లో మూడు రంగుల జెండాది. పంతులుగారు మారేరనుకునే బదులు కుర్చీ కింద కోళ్లు మారేయని చూడాలి.

1954లో మద్యనిషేధం మీద గొడవ ముదిరింది. కల్లుగీత మీద బతికేవాళ్ల కడుపు కాలింది, గౌతు లచ్చన్న వాళ్ల తరఫున పోరాటానికి దిగేడు. నిషేధం సరిగా నడవడం లేదని తెలిసినా పంతులుగారు పట్టు ఒగ్గలేదు. నవంబరులో అవిశ్వాస తీర్మానం వచ్చింది. కమ్యూనిస్టులూ, ఇతర ప్రతిపక్షాలూ కలిసి ఓటేసేరు. ఒకే ఒక్క ఓటు తేడాతో ప్రభుత్వం కూలిపోయింది.

ఆ ఒక్క ఓటుతో ఎవుడు బాగుపడ్డాడు? 1955 ఫిబ్రవరిలో మధ్యంతర ఎన్నికలు పెట్టేరు. 1952లో ఎవుడి దారి వాడిదిగా చీలినవాళ్లందర్నీ ఈసారి కాంగ్రెస్ ఒక గాటికి కట్టింది. అటు కాంగ్రెస్, రంగా పార్టీ, ప్రకాశం పార్టీ కలిసిన ఐక్య కాంగ్రెస్ సంఘటన, ఇటు కమ్యూనిస్టులు. 196 సీట్లలో ఆ సంఘటనకి 146 వచ్చేయి. కమ్యూనిస్టులకి నూటికి 31 ఓట్లు పడ్డాయి, సీట్లు మాత్రం 15. మూడు నాలుగు ముక్కల పోటీలో గెలిపించే ఓటే, ఇద్దరి పోటీలో సీటు ఇవ్వకుండా పోద్ది. మన ఎన్నికల పద్ధతి గుట్టు అంతా ఈ రెండు అంకెల్లో ఉంది.

ఇక పంతులుగారికి ఏం దక్కింది? పీఠం బెజవాడ గోపాలరెడ్డికి ఇచ్చేరు. పేరు వాడుకుని పెద్దాయన్ని పక్కన కూకోబెట్టేరు. 1957 ఎండల్లో 84 ఏళ్ల వయసులో ఒంగోలు పక్క ఊళ్లు తిరుగుతూ వడదెబ్బ తగిలించుకుని, మే 20న హైదరాబాదులో కన్ను మూసేడు. రాజీ మనిషిగా వాడుకోవడం ఇద్దరికీ తెలుసు. వాడేక ఏం చెయ్యాలో కాంగ్రెసుకే తెలిసింది.

ఇదంతా పాత కథ, మాకేటి పని అంటారా? మా ఏజెన్సీ లెక్క చూడండి. బాక్సైట్ కంపెనీలతో ఒప్పందాలు కాంగ్రెస్ హయాంలో జరిగేయి. 2015లో తెలుగుదేశం హయాంలో జీవో 97 వచ్చింది. జనం కొండలు దిగి తిరగబడితే ఆపేరు. 2019లో వచ్చిన వైఎస్సార్‌సీపీ ప్రభుత్వం దాన్ని రద్దు చేసింది. బాగానే ఉంది. ఆ ప్రభుత్వమే మా వాగుల మీద పంప్డ్ స్టోరేజీ ప్రాజెక్టులు కంపెనీలకి రాసిచ్చింది. 2024లో ప్రభుత్వం మారింది, ప్రాజెక్టుల భయం మారలేదు. ఆ ఎన్నికల్లోనే అరకు పార్లమెంటు సీటుకి సీపీఎం మనిషి కాంగ్రెస్ పొత్తుతో నిలబడ్డాడు. అంటే ఒప్పందాలు చేసిన పార్టీ చెయ్యే మనం పట్టుకున్నాం. ఓడిపోయేం. అయినా నిలబడ్డం తప్పని నేనననను.

ఈ లెక్కలో ఒకటి గమనించండి. జీవో 97 ఆగింది మంచి ఎమ్మెల్యే వల్ల కాదు. 1997 సమతా తీర్పు ఒక పక్క, ఊరూరా సంఘం ఒక పక్క నిలబడ్డం వల్ల ఆగింది. ఎవుడు గెలిచినా భయపడాల్సిన బలం కింద ఉంది గనక ఆగింది.

అందుకని నా మాట ఇది. రాజీ అభ్యర్థికి ఓటెయ్యొచ్చు. కొన్నిసార్లు వెయ్యాలి కూడా. ఫ్రాన్సులో 2002లో లెపెన్‌ని ఆపడానికి వామపక్షంవాళ్లు తమకి గిట్టని షిరాక్‌కి ఓటేసేరు, ఆయనకి 82 శాతం వచ్చింది. ఆపాల్సిన వాణ్ని ఆపేరు. ఆ ఓటుకి ముందే ఏ షరతూ కట్టలేదు గనక అంతకన్నా ఏమీ రాలేదు. మనం కట్టాలి. ఏ పని కోసం ఓటేస్తున్నామో ఊళ్లో అందరి ముందూ చెప్పించాలి: గ్రామసభ ఒప్పుకోకుండా భూమి ఇవ్వనని, అటవీ హక్కు పట్టాలు ఇప్పిస్తానని, టీచరు పోస్టుల్లో గిరిజనుల హక్కు కోసం కొట్లాడతానని. ఆ మాట కాగితం మీద పెట్టించి సంఘం దగ్గర ఉంచుకోవాలి. ఓటేసిన మర్నాటి నుంచి ఆయన ఇంటి ముందు కూకునే సత్తా మనకుండాలి. ఆ సత్తా లేకుండా ఓటేస్తే అది రాజీ కాదు, ధర్మం చెయ్యడం.

అలాగే ఒకణ్ని దించేముందు తర్వాత ఎవుడొస్తాడో లెక్క చూసుకోవాలి. 1954 నవంబరులో ఆ లెక్క చూడలేదు.

బహిష్కరణ పిలుపులు కూడా మా కొండలు చాలా చూసేయి. ఓటెయ్యనివాడి కోపం నాకర్థమవుద్ది. కానీ ఆ కోపం ఏ లెక్కలోనూ పడదు. సొంత మనిషిని నిలబెట్టి 31 శాతం తెచ్చుకున్నవాడు ఓడినా ఎదటోడికి దడ పుట్టిస్తాడు. ఎక్కడ సొంత మనిషికి ఎయ్యాలి, ఎక్కడ రాజీ మనిషికి ఎయ్యాలన్నది సీటుని బట్టి, బలాన్ని బట్టి, ఎలక్షన్‌కి ఆర్నెల్ల ముందే సంఘంలో కూకుని తేల్చుకోవాల్సిన సంగతి. ఆఖరి రాత్రి సారా, నోట్ల మధ్య తేల్చుకునేది కాదు.

ప్రకాశం పంతులు చెడ్డవాడు కాదు, ఆయనకి మద్దతిచ్చినవాళ్లు తెలివితక్కువవాళ్లూ కాదు. మంచి మనిషిని చూసి తాడు చేతిలో పట్టుకోవడం మర్చిపోయేరు. మనం మనిషిని ఎంచుకునే ముందు తాడు పేనుకోవాలి.