రాజా దీన్ దయాళ్

ఛాయాచిత్రకళలో పాశ్చాత్యులతో సరితూగి ఖ్యాతి గాంచిన తొలి భారతీయులలో రాజా దీన్ దయాళ్ ముఖ్యుడు. ఆయన 1844లో మీరట్ నగర సమీపమునగల సర్ధనాలో జన్మించెను. రూర్కీలోని థామసన్ ఇంజనీరింగు కళాశాలలో చదివి, 1866లో ఇండోరున మరామత్తు శాఖలో అంచనాలు కట్టుటకును, నక్షాలు గీయుటకును ఉద్యోగిగా చేరెను. 1874 ప్రాంతమున తీరిక వేళల వినోదముగా కెమెరా పట్టెను.

బాలబాలికలారా! నేడు మీరు మైపాడు తీరమున నిలిచి, ఒడ్డు చేరు పడవను చేతిఫోనుతో చిత్రించి, వెలుగునీడలు సవరించి, ఆ పూటకే పాఠశాల పోటీకి పంపగలరు. ఆనాడు అట్లు కాదు. గాజుపలకపై కొలోడియన్ అను జిగురు ద్రవమును సమముగా పోసి, చీకటిలో వెండి లవణపు నీట ముంచి, తడి ఆరకమునుపే చిత్రము తీసి, వెంటనే రసాయనములతో కడుగవలెను. మన వేసవి గాడ్పులో ఆ తడి ఎంతసేపు నిలుచునో ఊహింపుడు! అందుచేత ఊరు దాటి చిత్రములు తీయువాడు చీకటి గుడారమును, పలకలను, మందుసీసాలను వెంట మోయించుకొని పోవలసి వచ్చెడిది. పిమ్మట వచ్చిన పొడిపలకలు ఈ తొందరను తగ్గించెను గాని గాజు బరువును తగ్గింపలేదు.

తీసిన తరువాతి పనియు తక్కువది కాదు. పలకపై వెలుగునీడలు తారుమారుగా నుండును. ముఖముపై ముడుత అందు తేటగీతగా కనబడి, కాగితముపై నల్లగా దిగును. ఆ కాలపు స్టూడియోలలో నిపుణులు సన్నని పెన్సిలుతో ఆ తేటగీతను పూడ్చెడివారు. అప్పుడు ముడుత పలుచబడును. గ్రుడ్డు తెల్లసొన పూసి, వెండి లవణము పట్టించిన కాగితమును పలకకు ఆనించి ఎండలో నుంచగా చిత్రము దిగును. పలక యెంతో చిత్రమంతే. ముఖచిత్రమునకు ఇట్టి సవరణ తగును గాని శిథిలమైన కోటకు తగదు. కోట పగుళ్లు దాని చరిత్రయే కదా!

ఆ పాత కట్టడములను చిత్రించుటలోనే దీన్ దయాళ్ ప్రతిభ మొదట వెల్లడియయ్యెను. 1882లో లెపెల్ గ్రిఫిన్ దొరతో బుందేల్‌ఖండ్ తిరిగి ఆయన తీసిన చిత్రములు, 1886లో మధ్యభారత కట్టడములను గూర్చిన గ్రంథమున వెలువడెను. అంతలో హైదరాబాదు ఆరవ నిజాము మహబూబ్ అలీఖాన్ ఆయనను ఆస్థాన ఛాయాచిత్రకారునిగా నియమించెను. దీన్ దయాళ్ సెలవు పెట్టి కొంతకాలము చూచి, తుదకు ఇరువది యేండ్ల సర్కారు కొలువును విడిచెను. నెలజీతము నమ్మదగినది; ప్రభువుల ఆదరము అట్టిది కాదు. అయినను వెనుదీయక, సికింద్రాబాదున స్టూడియో నడిపి, 1896లో బొంబాయిలోను మరియొకటి తెరచెను.

పరదా చాటున నుండు స్త్రీలకొరకు 1892లో హైదరాబాదున ప్రత్యేకముగా ఒక స్టూడియో నెలకొల్పి, దానిని ఒక ఆంగ్లవనితకు అప్పగించెను. ఆ ఇంతుల చిత్రములు తీయుటకు పురుషులకు వీలులేని కాలమది. మరుసటి యేడు చికాగో ప్రపంచ ప్రదర్శనమున, దేశదేశముల చిత్రకారుల నడుమ, ఆయన చిత్రములు బహుమానమందెను. 1894లో నిజాము ఆయనకు రాజా, ముసవ్విర్ జంగ్ అను బిరుదములొసగెను. ముసవ్విర్ అనగా చిత్రములు రచించువాడు.

దీన్ దయాళ్ 1905లో కాలధర్మము నొందెను. 2006లో భారత తపాలా శాఖ ఆయన పేర స్టాంపు వెలువరించెను. ఆయన స్టూడియో గాజుపలకలలో 2,857 పలకలను ఢిల్లీలోని ఇందిరాగాంధీ జాతీయ కళాకేంద్రము సేకరించెను. నూరేండ్లు దాటిన ఆ పలకలనుండి నేటికిని చిత్రములు తీయవచ్చును.