ప్రవాసుల యాప్తుడు గోఖలే

గోపాలకృష్ణ గోఖలే 1866వ సంవత్సరము మే 9వ తేదీన రత్నగిరి జిల్లాలోని కోట్లుక్ గ్రామమున జన్మించెను. 1879లో తండ్రి మరణింపగా అన్న గోవిందరావు చదువు మాని చిన్న యుద్యోగమున జేరెను. తనకు వచ్చు 15 రూపాయల నెల జీతములో 8 రూపాయలు తమ్ముని చదువునకు పంపుచుండెను. ఒకరి కష్టముచే మరియొకరు పైకి వచ్చుట యెట్టిదో గోపాలు డాబాల్యముననే గ్రహించెను.

1884లో పట్టభద్రుడై, ఆయన పూనాలో ఉపాధ్యాయుడయ్యెను. పిమ్మట ఫెర్గూసన్ కళాశాలలో ఆచార్యుడుగా నుండెను. జీతము నెలకు 75 రూపాయలు మాత్రమే. సెలవు దినములలో ఊరూర దిరిగి, వర్తకులను సంపన్నులను గలిసికొని, కళాశాల భవనమునకు చందాలు వసూలుచేసెడివాడు. మంచి పనికై యాచించుట యవమానముగాదని యాయన నమ్మకము. ఈ యభ్యాసము తరువాతి కాలమున వేలకొలది ప్రవాసుల పాలిటి వరమయ్యెను. 1905లో ఆయన భారత సేవక సంఘమును స్థాపించెను. ఆ యేడే కాశీలో జరిగిన కాంగ్రెసు మహాసభకు అధ్యక్షుడయ్యెను.

ఆ కాలమున మన దేశమునుండి అనేకులు కూలికై సముద్రములు దాటిపోవుచుండిరి. దక్షిణాఫ్రికాలోని నేటాలు చెఱకుతోటలకు మొదటి యోడ 1860లో మద్రాసు రేవునుండి బయలుదేరెను. తరువాతి యేబదియేండ్లలో సుమారు 1,52,000 మంది యచ్చటికి చేరిరి. అందు అధిక సంఖ్యాకులు మద్రాసు రేవుననే యోడ యెక్కినవారు. విశాఖపట్టణము, గోదావరి, ఉత్తర ఆర్కాటు ప్రాంతముల తెలుగువారును వారిలో నుండిరి. ఐదేండ్ల ఒప్పందమునకు వ్రేలిముద్ర వేసిన కూలీకి మొదటి యేడు నెలకు 10 షిల్లింగులు ముట్టెడివి. ఒప్పందము తీరిన పిమ్మట స్వతంత్రముగా నచ్చటనే బ్రదుకగోరువానిపై 1895 నాటి శాసనము యేటికి 3 పౌనుల తలపన్ను విధించెను. అది మన లెక్కలో 45 రూపాయలు. ఆ పన్ను చెల్లింపలేనివారు మరల ఒప్పందమునకు లోబడుటయో, స్వదేశమునకు మరలుటయో తప్పదయ్యెను.

గాంధీజీ యచ్చటి భారతీయులచే సత్యాగ్రహము సాగించుచుండగా, ఈ దేశమున వారికి అండగా నిలిచినవాడు గోఖలే. చెఱసాలకు పోయినవారి కుటుంబములను పోషించుట కష్టమైనది. పోరాటమున నిలిచిన వర్తకులకును నష్టము తప్పలేదు. కాఛలియా అను వర్తకునకు సరకు లరువిచ్చిన తెల్ల వ్యాపారులు బాకీలన్నియు నొక్కమారుగా తీర్చుమని పట్టుపట్టిరి. ఆయన వ్యాపారము పోయినను చిల్లిగవ్వ యెగవేయక అప్పంతయు దీర్చెను.

అట్టి సమయమున గోఖలే ధనవంతులను కదిలించెను. పారిశ్రామికుడైన సర్ రతన్ టాటా 1909లో 25,000 రూపాయలు విరాళమిచ్చెను. తరువాతి యేండ్లలోను సాయము మానలేదు. ఆయన యిచ్చిన మొత్తము 1,25,000 రూపాయలు. హైదరాబాదు నిజాము 2,500 రూపాయలు పంపెను. కాలెన్‌బాక్ అను వాస్తుశిల్పి జొహానెస్‌బర్గు సమీపమున 1,100 యెకరముల తోటను సత్యాగ్రహుల కుటుంబములకు అద్దెలేక యిచ్చెను. 1910లో వెలసిన టాల్‌స్టాయి క్షేత్ర మదియే. ఆ యేడే ట్రాన్సువాలు ప్రభుత్వము కొందరిని దేశమునుండి వెడలగొట్టి మద్రాసునకు పంపగా, పుస్తక ప్రచురణకర్త జి. ఎ. నటేశను వారికి ఆశ్రయము కల్పించి ఆదుకొనెను. వచ్చిన ధనము వ్యయమైన తీరును గాంధీజీ 1912లో టాటాకు బహిరంగ లేఖ ద్వారా వివరించెను. దాత నమ్మకము నిలుచుట కిట్టి లెక్కయే యాధారము.

గోఖలే దానములతో తృప్తిపడలేదు. రోగమునకు మూలము చట్టముననున్నదని యాయన యెఱుగును. 1910 ఫిబ్రవరిలో శాసనసభ యందు నేటాలునకు కూలీలను పంపరాదను తీర్మానమును నెగ్గించెను. 1911 జూలై నుండి ఆ పంపకము నిలిచెను. ఒప్పందపు కూలి పద్ధతినే పూర్తిగా రద్దుచేయవలెనని 1912లో తీర్మానము తెచ్చెను గాని, అది 22 మంది బలపరచినను 33 మంది వ్యతిరేకింపగా ఓడిపోయెను. ఆ యక్టోబరులో ఆయన స్వయముగా దక్షిణాఫ్రికాకు వెళ్ళి కూలీల దుస్థితిని కన్నులార చూచెను.

తలపన్ను తొలగునని గోఖలే ఆశతో మరలివచ్చెను. కాని యది తొలగలేదు. 1913లో న్యూకాసిలు బొగ్గుగని కూలీలు పని మానిరి. యజమానులు వారి గుడిసెలకు నీరును, దీపములును లేకుండ జేసిరి. గూడు విడిచి వచ్చిన 2,037 మంది పురుషులు, 127 మంది స్త్రీలు, 57 మంది పిల్లలు నవంబరు 6వ తేదీన నడకసాగించిరి. చార్లెస్‌టౌను వర్తకులు బియ్యము, పప్పు ఇచ్చిరి. తలకు పౌనున్నర రొట్టె, ఔన్సు చక్కెర వంతున పంచబడెను. ఆ రొట్టెను వోక్స్‌రస్టులోని యొక తెల్ల వ్యాపారి మాట తప్పక రైలులో పంపుచుండెను. ఇచ్చట గోఖలే మధుమేహముచే క్రుంగియుండియు నిధులు సమకూర్చెను; ఆండ్రూసు, పియర్సనులను దక్షిణాఫ్రికాకు పంపెను. తుదకు 1914లో తలపన్ను రద్దయ్యెను.

1915 ఫిబ్రవరి 19వ తేదీన గోఖలే కన్నుమూసెను. అప్పటి కాయన వయస్సు 48 సంవత్సరములు. శాసనసభలో ఓడిన యాయన తీర్మానము వ్యర్థముగాలేదు; 1917లో ఒప్పందపు వలస నిలిచిపోయెను, 1920లో మిగిలిన ఒప్పందములును రద్దయ్యెను.

నేడు సంగారెడ్డి జిల్లాలో, పటాన్‌చెరు చుట్టును కర్మాగారము లనేకము వెలసియున్నవి. ఇంద్రేశము వంటి పరిసర ప్రాంతములకు దూరరాష్ట్రములనుండి శ్రామికులు పొట్టచేతబట్టుకొని వచ్చుచున్నారు. పరదేశమున నున్నవానికి కూలి యొక్కటియే చాలదు. చట్టపు రక్షయు, తలదాచుకొన చోటును, ఇరుగుపొరుగుల యాదరణయు గావలెను. ప్రభుత్వము, యజమాని, వర్తకుడు, పొరుగువాడు తలయొక చేయి వేసినగాని యది సమకూరదు. అట్టి చేతులను కలుపుటయే గోఖలే చేసిన మహోపకారము.