గారీ కిల్డాల్ జీవితము

లోకమున ఏ విద్యయు ఒక్కని బుద్ధినుండియే పుట్టినది కాదు. పూర్వుల కృషి తరువాతివారికి పెట్టుబడి యగుచుండును. ఇచ్చినవాని పేరు నిలుచునో, పుచ్చుకొన్నవాని పేరు నిలుచునో కాలమునకే యెఱుక. గారీ కిల్డాల్ చరిత్రము ఇందుకు నిదర్శనము.

ఆయన 1942 మే 19వ తేదీన అమెరికాలోని సియాటిల్ నగరమున జన్మించెను. ఆయన వంశీయులు నావికావిద్యను బోధించు పాఠశాలను నడిపిరి. వాషింగ్టన్ విశ్వవిద్యాలయమున 1972లో డాక్టరు పట్టమునొంది, కాలిఫోర్నియాలోని మాంటెరే పట్టణమున నౌకాదళ విద్యాలయమునందు అధ్యాపకుడుగా నుండెను.

ఆపరేటింగ్ సిస్టమనునది కంప్యూటరునకు, గ్రామమునకు కరణము వంటిది. ఏ దస్త్రము ఎచ్చట నున్నదో, దేనిని ఎవరికి ఈయవలెనో అదియే యెఱుగును. 1974లో కిల్డాల్ ఇంటెల్ 8080తో నడచు చిన్నయంత్రముల కొఱకు సీపీ/ఎమ్ అను సిస్టమును రచించెను. పెద్ద యంత్రములను చేయు డిజిటల్ ఎక్విప్‌మెంట్ సంస్థవారి పద్ధతులు అందు కానవచ్చును. దస్త్రము పేరునకు చివర మూడక్షరముల తోక తగిలించుట, నకలుతీయు సాధనమునకు పిప్ అని పేరిడుట అచటివే. అయినను యంత్రమునుబట్టి మారు భాగమును విడదీసి, బయాస్ అను పేర వేఱుగా నుంచుట ఆయన ప్రతిభ. క్రొత్తయంత్రము వచ్చినప్పుడు ఆ చిన్నభాగమును తిరిగి వ్రాసిన చాలును. తక్కినది యథాతథముగ నడచును. అందుచే పలువురి యంత్రములపై సీపీ/ఎమ్ వ్యాపించెను. ధర్మపత్ని డొరొతీతో గూడి స్థాపించిన డిజిటల్ రీసెర్చ్ సంస్థ వర్ధిల్లెను.

1980లో ఐబీఎమ్ సంస్థవారు సీపీ/ఎమ్ కోరి వచ్చిరి. ఒడంబడిక కుదురలేదు. ఆ దినమున కిల్డాల్ వినోదార్థము విమానమెక్కి పోయెనను జనవాదము కలదు. తాను పోయినది వ్యాపారకార్యమునకేయని ఆయన తెలిపెను. ఐబీఎమ్ వారు మైక్రోసాఫ్ట్ నాశ్రయించిరి. మైక్రోసాఫ్ట్ వారు టిమ్ పేటర్సన్ రచించిన 86-డాస్‌ను కొనిరి. సీపీ/ఎమ్ కొఱకు వ్రాసిన ప్రోగ్రాములు సులువుగ మార్చుకొనవచ్చునని, సిస్టమును పిలుచు తీరును పేటర్సన్ సీపీ/ఎమ్ ననుసరించియే కూర్చెను. డిస్కుపై దస్త్రములను పేర్చు విధానము మాత్రము వేఱు. 1981 ఆగస్టులో ఐబీఎమ్ యంత్రము వెలువడెను. కిల్డాల్ అభ్యంతరము తెలుపగా ఆయన సిస్టమును గూడ అమ్మ నంగీకరించిరి. కాని డాస్ వెల 40 డాలర్లు, సీపీ/ఎమ్-86 వెల 240 డాలర్లు. కొనువారు దేనిని కొనిరో చెప్పనక్కఱలేదు.

అరువు అంతటితో నాగలేదు. 1983లో డాస్ రెండవ కూర్పు, అరలో అర యుంచు పద్ధతిని యూనిక్స్ నుండి గ్రహించెను. 1988లో డిజిటల్ రీసెర్చ్ వారే, డాస్ ప్రోగ్రాములు నడచునట్లు డీఆర్-డాస్‌ను వెలువరించిరి. ఇచ్చినవారే పుచ్చుకొనువారైరి. 1991లో ఆ సంస్థను నోవెల్ వారు కొనిరి. 1994 జూలై 11న, 52వ యేట, కిల్డాల్ మాంటెరేలో పరమపదించెను.

2014లో పసిఫిక్ గ్రోవ్ పట్టణమున, ఆయన పనిచేసిన యింటికడ, విద్యుదింజనీర్ల సంఘమగు ఐఈఈఈ వారు స్మారకఫలకము నుంచిరి. నేటి విండోస్ కంప్యూటరులో డిస్కును ఒక అక్షరముతో పిలుచు వాడుక సీపీ/ఎమ్ నుండి డాస్ ద్వారా వచ్చినదే. గ్రంథాలయమున పుస్తకము తీసికొనువాడు రిజిస్టరున సంతకము చేయును. విద్య నరువు తెచ్చుకొనువాడును పెద్దల పేరు వ్రాయుట ధర్మము. ఆ పద్దున కిల్డాల్ పేరు చేరుటకు ఇరువది వత్సరములు పట్టెను.