గిజిగాని గుట్టు

సలీం అలీ 1896 నవంబరు 12న బొంబాయిలో, అంటే నేటి ముంబయిలో జన్మించాడు. పదిమంది సంతానంలో ఆయనే కడగొట్టువాడు. ఏడాది వయసులో తండ్రిని, మూడేళ్ళకు తల్లిని పోగొట్టుకొన్నాడు. మేనమామ అమీరుద్దీన్ త్యాబ్జీకి పిల్లలు లేరు. ఆయన, ఆయన భార్య హమీదాబేగం ఆ పిల్లలను ఖేత్వాడీలోని తమ ఇంటికి తెచ్చుకొని కన్నబిడ్డలవలె పెంచారు.

మేనమామ మంచి వేటగాడు. పిల్లవాడికి ఒక చిన్న గాలితుపాకి కొనిపెట్టాడు. ఆ రోజుల్లో పక్షిని కొట్టడం తప్పని ఎవరూ అనుకొనేవారు కాదు. పదేళ్ళ వయసులో సలీం ఒక పిచ్చుకను కొట్టాడు. తీరా చేతిలోకి తీసుకొని చూస్తే దాని గొంతు కింద పసుపుపచ్చని మచ్చ ఉంది. ఇంటి చూరులో తిరిగే పిచ్చుకలకు అటువంటి మచ్చ ఉండదు. అది ఏ పక్షో, తినదగినదో కాదో తెలియక మేనమామను అడిగాడు. ఆయనకూ తెలియలేదు. బొంబాయి నేచురల్ హిస్టరీ సొసైటీకి వెళ్ళి కనుక్కొమ్మని పంపించాడు.

ఆ సంఘానికి అప్పటి కార్యదర్శి మిల్లార్డ్ అనే ఆంగ్లేయుడు. దొరగారి గదిలోకి పోవడానికి పిల్లవాడు జంకాడు. కాని మిల్లార్డ్ అతణ్ణి దయతో కూర్చోబెట్టి, అది పసుపుగొంతు పిచ్చుక అని చెప్పాడు. తరువాత సొరుగులు ఒక్కొక్కటే లాగి, సంఘం భద్రపరచిన పక్షులను చూపించాడు. ఇన్ని రకాల పక్షులు మన దేశంలో ఉన్నాయని సలీం ఎన్నడూ ఊహించలేదు. ఆనాటినుండి ఆ సంఘం ఆయనకు రెండో ఇల్లయింది.

చదువు మాత్రం సరిగా సాగలేదు. లెక్కలంటే భయం. కళాశాల మధ్యలో మాని, కుటుంబ వ్యాపారం చూడడానికి బర్మా వెళ్ళాడు. అక్కడ ఆయన మనసు వ్యాపారం మీదకంటె అడవిలోని పక్షుల మీదనే నిలిచింది. 1917లో తిరిగివచ్చి, మరుసటి ఏడు తెహ్మినాను వివాహమాడాడు. జంతుశాస్త్రం చదివాడు గాని విశ్వవిద్యాలయ పట్టా లేదు. అందువల్ల ప్రభుత్వ జంతుశాస్త్ర శాఖలో ఉద్యోగం దొరకలేదు. 1926లో బొంబాయి మ్యూజియంలో సందర్శకులకు విషయాలు వివరించే పని దొరికింది. 1928లో సెలవుపెట్టి జర్మనీ వెళ్ళి, బెర్లిన్‌లో స్ట్రెస్‌మాన్ అనే ప్రసిద్ధ శాస్త్రజ్ఞుని వద్ద పక్షిశాస్త్రం నేర్చుకొన్నాడు.

1930లో తిరిగివచ్చేసరికి ఆ ఉద్యోగం లేదు. డబ్బు చాలక మ్యూజియంవారు దాన్ని తీసివేశారు. అప్పటికి ఆయనకు ముప్పైమూడేళ్ళు. సంసారం గడవాలి. చేతిలో ఉన్న విద్యకు దేశంలో జీతమిచ్చేవారు లేరు. వేరే కొలువేదైనా చూసుకోవచ్చు గాని, అప్పుడు పక్షులను వదులుకోవాలి. తెహ్మినా ఆ మాట ఒప్పుకోలేదు. బొంబాయిలో ఖర్చులు భరించలేక, దంపతులిద్దరూ అలీబాగ్ దగ్గర ఉన్న కిహిం అనే సముద్రతీర గ్రామానికి మారారు. అక్కడ చెట్ల మధ్య ఒక చిన్న ఇల్లు వారికి ఆశ్రయమైంది.

కొంకణ తీరంలో పక్షులను చూడడానికి మాఘ ఫాల్గుణాలు మంచి కాలం. చలి వెనుకపట్టి, ఎండ ఇంకా ముదరని రోజులవి. ఆకులు రాల్చిన మోదుగలు, బూరుగులు ఎర్రగా పూస్తాయి. ఆ పూలలో ఊరే తేనెకోసం తేనెపిట్టలు, గోరువంకలు, పికిలిపిట్టలు, చివరకు కాకులు కూడా చేరుతాయి. తేనె తాగేటప్పుడు పుప్పొడి వాటి నుదుటికి అంటుకొని మరొక పూవును చేరుతుంది. పూలకూ పక్షులకూ గల ఈ బంధాన్ని గురించి సలీం అలీ 1932లో వివరంగా వ్యాసం రాశాడు. అదే కాలంలో తీరాన మరొక సందడి జరుగుతుంది. చలికాలమంతా తడి ఇసుకలో పురుగులు ఏరుకొని బతికిన ఉల్లంకిపిట్టలు కడుపునిండా మేసి, ఒంట్లో కొవ్వు నిలువచేసుకొని, ఉత్తరదేశాలకు ప్రయాణం కడతాయి.

వానలు పడగానే గిజిగాళ్ళు గూళ్ళు అల్లడం మొదలుపెట్టాయి. ఇంటికి దగ్గరలోనే వాటి గూళ్ళు వేలాడుతున్నాయి. సలీం అలీ నెలల తరబడి, గంటలకొద్దీ కదలక మెదలక వాటిని కనిపెట్టి చూశాడు. తెలుగు కవులు గిజిగాని నేర్పును మెచ్చుకొంటూ పద్యాలు చెప్పారు. ఆ గూటిలో ఒక జంట కాపురం ఉంటుందని లోకం అనుకొనేది. అసలు సంగతి వేరు. గూడు అల్లేది మగపక్షి. సగం అల్లి, రెక్కలు కొట్టుకొంటూ ఆడపక్షులను పిలుస్తుంది. ఆడపక్షి వచ్చి ఆ సగం గూటిని పరీక్షిస్తుంది. నచ్చితే లోపల చేరుతుంది. అప్పుడు మగపక్షి గొట్టంవంటి దారి అల్లి గూడు పూర్తిచేస్తుంది. ఎవరికీ నచ్చని గూడు సగంలోనే ఆగిపోతుంది. ఆడపక్షి గుడ్లు పెట్టి పొదుగుతూ ఉంటే, మగపక్షి ఆగక మరో గూటికి పోగులు తెచ్చి, మరో ఆడపక్షిని పిలవసాగుతుంది. 1931లో ఈ పరిశీలనలు అచ్చయ్యాక శాస్త్రలోకం ఆయన పేరు తెలుసుకొంది. ఉద్యోగం ఉండి ఉంటే, అన్ని నెలలు ఒక్కచోట గడిపే తీరిక ఆయనకు దొరికేదే కాదు.

ఆ ఏడే హైదరాబాదు సంస్థానంలో పక్షుల పరిశీలన ప్రారంభించాడు. జీతం అడగలేదు, ఖర్చులు ఇస్తే చాలునన్నాడు. తెలుగు, మరాఠీ, కన్నడ ప్రాంతాలు మూడూ ఆ సంస్థానంలో ఉండేవి. గుడారాలు వేసుకొని ఊరూరా తిరిగాడు. తెహ్మినా వెంట ఉండి మజిలీల ఏర్పాట్లు చూసేది. తరువాత కొచ్చిన్, తిరువాన్కూరు, మైసూరు సంస్థానాలు కూడా చూశాడు. 1939లో చిన్న శస్త్రచికిత్స వికటించి తెహ్మినా మరణించింది. ఆ దెబ్బనుండి కోలుకోవడానికి ఆయన మళ్ళీ పనినే ఆశ్రయించాడు. 1941లో భారతదేశ పక్షులపై ఆయన రాసిన రంగుబొమ్మల పుస్తకం వెలువడింది. డిల్లన్ రిప్లేతో కలిసి రాసిన పది సంపుటాల గ్రంథం 1968 నుండి 1974 వరకు వచ్చింది.

1957లో కర్ణాటకలోని శివమొగ్గ జిల్లాలో కోతులు చచ్చిపడి, మనుషులకు జ్వరాలు సోకాయి. పిడుదులవల్ల వ్యాపించే ఆ జబ్బు క్రిమి రష్యాలోని ఒక క్రిమిని పోలి ఉంది. వలసపక్షులు దాన్ని తెచ్చాయేమోనని అనుమానం కలిగింది. దానితో ప్రపంచ ఆరోగ్య సంస్థ సాయం దొరికి, సలీం అలీ వేల పక్షుల కాళ్ళకు సంఖ్యలు గల ఉంగరాలు తొడిగించాడు. తమిళనాడు తీరంలోని కోడిక్కరై ఈ పనికి ముఖ్యస్థానమైంది. వలసపక్షులపై వేసిన నేరం రుజువు కాలేదు. అవి వచ్చే పోయే దారులు మాత్రం కొంత తెలిశాయి.

ఆయనకు 1958లో పద్మభూషణ్, 1976లో పద్మవిభూషణ్ లభించాయి. 1985లో రాజ్యసభకు నియమితుడయ్యాడు. మరుసటి ఏడు జనవరిలో కడప జిల్లానుండి ఒక వార్త వచ్చింది. 1900 తరువాత ఎవరికీ కనబడక, అంతరించిందనుకొన్న కలివికోడి అక్కడి ముళ్ళపొదల్లో బతికే ఉంది. దాన్ని వెదికి కనుగొన్నవాడు సలీం అలీ జీవితమంతా సేవచేసిన ఆ బొంబాయి సంఘం పరిశోధకుడే. పక్షి చేతికి చిక్కింది మాత్రం రాత్రివేళ టార్చి వెలుగులో, ఒక స్థానికుని చేతికి. అప్పటికి సలీం అలీ వయసు ఎనభైతొమ్మిదేళ్ళు. 1987లో ఆయన మరణించాడు. 1988లో ఆ కొండలను, చిట్టడవులను శ్రీలంకమల్లేశ్వర అభయారణ్యంగా ప్రకటించారు.