పెద్ద బాకాకు పేరిచ్చిన జాన్ ఫిలిప్ సూసా

జనవరి 26వ తేదీన ఢిల్లీలో జరిగే కవాతును చూచినవారికి ఒక వాద్యము తప్పక కంటబడి ఉంటుంది. వాయించేవాని దేహము చుట్టూ కొండచిలువ వలె చుట్టుకొని, ఎడమ భుజము మీద ఆని, తలపైన పెద్ద పళ్లెమంత నోరు తెరచుకొని యుండే బాకా అది. పట్టణాలలోని పెద్ద బ్యాండు మేళాలలోను అది అప్పుడప్పుడు కనబడుతుంది. పిల్లలు దాని నోటివంక చూచి ఆశ్చర్యపడతారే గాని దాని పేరు అడిగేవారు తక్కువ. దాని పేరు సూసాఫోను. మిక్కిలి క్రింది స్వరాలు పలికే ట్యూబా అనే వాద్యపు కుటుంబములో అది ఒకటి. సూసా అనేది ఒక మనిషి పేరు. సంఘములో సొంతముగా వాద్యాలు కొని వాయించుకోవాలని ఆశపడే మన నల్లగొండ, మహబూబ్‌నగర్ ప్రాంతపు యౌవనస్థులు ఆయన జీవితాన్ని తెలిసికొనుట మేలు.

జాన్ ఫిలిప్ సూసా 1854వ సంవత్సరము నవంబరు 6వ తేదీన అమెరికా రాజధాని వాషింగ్టన్‌లో జన్మించారు. తండ్రి పోర్చుగీసు వంశీయుడు, స్పెయిను దేశములో పుట్టినవాడు. తల్లి జర్మనీ దేశస్థురాలు. పదిమంది సంతానములో ఈయన మూడవవారు. తండ్రి మెరైన్ సేన బ్యాండులో ట్రాంబోను వాయించేవాడు గనుక ఇల్లు సేనా నివాసమునకు దగ్గరలోనే ఉండేది. పసితనము నుండి ఆయన చెవిన పడినది బ్యాండు వాద్యమే. చిన్ననాడే వయొలిన్ నేర్చుకొన్నారు.

పదమూడేండ్ల వయస్సులో ఒక సర్కసు బ్యాండులో చేరి ఇల్లు విడిచి పోవాలని ఆ బాలుడు నిశ్చయించుకొన్నాడు. సంగతి తండ్రికి తెలిసింది. ఆయన కొట్టలేదు, తిట్టలేదు. కుమారుని వెంటబెట్టుకొని పోయి మెరైన్ బ్యాండులోనే శిష్యునిగా చేర్పించాడు. అది 1868. పిల్లవాని ఆశను అణచక దానికి సరియైన త్రోవ చూపిన తండ్రి ఆయన. 1875లో సూసా ఆ కొలువు విడిచి నాటకశాలలలో వయొలిన్ వాయించి, వాద్యబృందాలను నడిపి అనుభవము గడించారు. 1880లో, తన 25వ ఏట, అదే మెరైన్ బ్యాండుకు నాయకునిగా తిరిగి వచ్చారు. తాను శిష్యునిగా కూర్చున్న చోటనే గురువుగా నిలువబడ్డారు.

పన్నెండేండ్లు ఆయన ఆ బ్యాండును నడిపారు. ఐదుగురు అధ్యక్షుల కాలము ఆ పదవిలో ఉన్నారు. పాత స్వరపత్రాలను మార్చారు, సాధన కఠినము చేశారు. 1889లో వాషింగ్టన్ పోస్ట్ అనే వార్తాపత్రిక విద్యార్థులకు వ్యాసపోటీ పెట్టి, బహుమతుల సభకు ఒక కవాతు గీతము కావాలని కోరగా ఆయన వ్రాసి ఇచ్చారు. ఆ పత్రిక పేరే దానికి పెట్టారు. అది దేశదేశాలకు పాకింది. అయితే ఆయన దాని హక్కును కేవలము 35 డాలర్లకు అమ్మివేశారు. కాబట్టి దాని లాభము ప్రచురణకర్తకే దక్కింది.

ఇక పెద్ద బాకా సంగతి. ట్యూబా అనే వాద్యానికి మొదటి హక్కుపత్రము 1835లో జర్మనీలోని బెర్లిన్ నగరములో వీప్రెష్ట్, మోరిట్జ్ అనే ఇద్దరు పొందారు. నడుస్తూ వాయించుటకు వీలుగా భుజము మీద చుట్టుకొనే హెలికాన్ అనే రూపము తరువాత వచ్చింది. మెరైన్ బ్యాండులో ఉన్నవి అట్టివే. కవాతుకు అవి బాగుండేవి. కాని సభలో కూర్చొని వాయించునప్పుడు దాని స్వరము నేరుగా ముందుకు దూకి తక్కిన వాద్యాలను మించి వినబడేది. సూసాకు అది నచ్చలేదు. బాకా నోరు పైకి తిరిగి ఉండవలెననీ, స్వరము లేచి బ్యాండు అంతటి మీద పరచుకొనవలెననీ ఆయన కోరారు. ఫిలడెల్ఫియా నగరములోని జె.డబ్ల్యు. పెప్పర్ సంస్థ 1893 ప్రాంతములో అట్టి వాద్యమును చేసి దానికి ఆయన పేరు పెట్టింది. 1898లో కాన్ అనే సంస్థ చేసినది ఆయన బ్యాండులో ప్రవేశించింది. నోరు ఆకాశమువైపు ఉండుటచేత అది వాననీరు పట్టే పాత్ర అని జనులు వేళాకోళము చేసేవారు. నోరు ముందుకు తిరిగిన సూసాఫోను, అనగా నేడు మనము చూచేది, తరువాతి కాలపు మార్పు.

ఇందులో గమనింపదగినది ఒకటున్నది. పేరు పొందిన బ్యాండు నాయకుడు వాద్యము కోరుకొన్నప్పుడు అది ఎంత గట్టిగా మ్రోగుతుందని చూడలేదు. తక్కిన వాద్యాలను అది ఎట్లు మోస్తుందని చూచారు. మన భజనలో హార్మోనియము శ్రుతి ఆగిపోతే పాడేవారు ఎట్లు తడబడతారో మనకు తెలుసు. బ్యాండులో ఆ పని పెద్ద బాకాది. బాగా వాయిస్తే దానిని ఎవరూ ప్రత్యేకముగా గమనించరు, ఆగిపోతే అందరికీ తెలుస్తుంది.

ఈ కొలత మనకును పనికివస్తుంది. బ్యాండు వాద్యాలు చేయుటలో ఉత్తరప్రదేశ్‌లోని మీరట్ పట్టణపు జలీకోఠీ పేరుపొందినది. అక్కడి సరుకైనా, విదేశపు సరుకైనా కొనేవారు మొదట మెరుగును చూచి మోసపోరాదు. వాల్వులు వ్రేలితో నొక్కి వదిలిన వెంటనే పైకి లేవవలెను. వాల్వు నొక్కకుండా దానికి చెందిన జారుడు గొట్టమును కొంచెము బయటికి లాగి, అప్పుడు వాల్వు నొక్కితే టప్‌మని శబ్దము రావలెను. రాకపోతే గాలి ఎక్కడో కారుతున్నదన్నమాట. టంకము వేసిన అతుకులు చూడవలెను. నోటి అంచున చిన్న సొట్ట పడితే స్వరానికి పెద్ద హాని లేదు. మౌత్‌పీసుకు దగ్గరగా ఉన్న సన్నని గొట్టములో సొట్ట ఉంటే మాత్రము దూరముగా ఉండుట మంచిది. ట్రంపెట్లు, క్లారినెట్లు ఎక్కువగా బి-ఫ్లాట్ శ్రుతివి గనుక వాటితో కలిసేందుకు ట్యూబా కూడ బి-ఫ్లాట్‌దే అయితే క్రొత్తవారికి సులువు. దాని గొట్టము విప్పి చాచితే సుమారు 18 అడుగులుంటుంది. ఇత్తడి సూసాఫోను మోస్తూ చాలాసేపు నడవడము అందరివల్ల కాదు. 1960ల నుండి ఫైబర్‌గ్లాసుతో చేసినవి కూడ వస్తున్నాయి. అవి తేలికైనవి, స్వరములో మాత్రము ఇత్తడికి సాటిరావని చాలామంది అభిప్రాయము. అన్నిటికంటె మంచి పరీక్ష ఏమనగా, ఒకరు వాయించుచుండగా కొనేవారు గది చివరకు పోయి నిలువబడి, తక్కిన వాద్యాలతో కలిపి వినుట. సూసా చెవి విన్నది ఆ దూరపు స్వరమునే.

1892లో సూసా ప్రభుత్వ కొలువు విడిచి సొంత బ్యాండు స్థాపించారు. సెప్టెంబరు 26న న్యూజెర్సీలోని ప్లెయిన్‌ఫీల్డ్‌లో మొదటి సభ జరిగింది. దానికి రెండు దినములు ముందే, ఆ కాలపు గొప్ప బ్యాండు నాయకుడు ప్యాట్రిక్ గిల్మోర్ మరణించారు. తన మొదటి సభను సూసా ఆ పెద్దాయన కూర్చిన సంగీతముతోనే ఆరంభించి గౌరవము చూపారు. అది మొదలు 1931 వరకు ఆ బ్యాండు ఊరూరా తిరిగింది. నాలుగుసార్లు ఐరోపా వెళ్లింది. 1910-11లో భూగోళము చుట్టివచ్చింది. దక్షిణాఫ్రికా, ఆస్ట్రేలియా, న్యూజీలాండ్‌లలో వాయించింది గాని మన దేశపు రేవులలో దిగలేదు. మనకు బ్యాండు వాద్యము వేరొక త్రోవన, సికింద్రాబాదు వంటి దండు స్థావరాలలోని తెల్లవారి పటాలములనుండి వచ్చి, మెల్లగా పెండ్లి పందిళ్లకు చేరింది.

సూసా వ్రాసిన కవాతు గీతాలు నూటముప్పదికి పైగా ఉన్నాయి. వాటిలో మిక్కిలి ప్రసిద్ధమైనది 1896లో, ఓడలో స్వదేశమునకు తిరిగి వస్తుండగా ఆయన మనస్సులో రూపుదిద్దుకొన్నది. తన బ్యాండు వ్యవహారాలు చూచే స్నేహితుడు మరణించిన వార్త విన్న దినములవి. దుఃఖములో పుట్టిన ఆ గీతమును 1987లో అమెరికా తన జాతీయ కవాతు గీతముగా ప్రకటించింది.

ఆయన జీవితములో పెద్ద పోరాటము 1906లో జరిగింది. అప్పటికి గ్రామఫోను, తానై వాయించే పియానో ఇండ్లలోకి వచ్చినవి. యంత్రము పాడుతూ ఉంటే తల్లి బిడ్డకు పాడడము మానుతుందనీ, పల్లె బ్యాండులు మూతపడతాయనీ, సామాన్యుడు నేర్చుకొనే ఓపిక పోగొట్టుకొంటాడనీ ఆయన ఒక పత్రికలో వ్యాసము వ్రాసి హెచ్చరించారు. స్వరకర్తకు పైకము ఇవ్వక యంత్రములకు వాడుకొనుట అన్యాయమని చట్టసభ ముందు వాదించారు. 1909 చట్టములో ఒక్కొక్క ప్రతికి 2 సెంట్లు ఇవ్వవలెనని ఏర్పాటయింది. ఆయన బ్యాండు పేరున రికార్డులు అనేకము వెలువడినవనుట నిజమే, అయితే వాటిలో ఎక్కువ భాగము ఆయన స్వయముగా నడిపినవి కావు. ఆయన భయపడినంతా జరుగలేదు. రికార్డుల మూలముగానే ఎందరో సంగీతము వినగలిగారు, విని నేర్చుకొన్నారు. అయినను ఆయన మాటలో సత్యము లేదనలేము. ఈనాడు మన ఊరేగింపులలో డి.జె. పెట్టెలు వచ్చి ఆటో మీద కూర్చొన్నాయి. అద్దె చెల్లిస్తే చాలు, ఎవరూ ఏమీ నేర్వనక్కరలేదు. ఒకప్పుడు పదిమంది శ్వాసతో నిండిన చోటు ఒక తీగతో నిండిపోతున్నది. చప్పుడుకు కొదువ లేదు, వాయించేవారికే కొదువ.

మొదటి ప్రపంచ యుద్ధకాలములో, 1917లో, 62 ఏండ్ల వయస్సులో సూసా నౌకాదళములో చేరి యువకులకు బ్యాండు శిక్షణ ఇచ్చారు. అప్పటికి లోకప్రసిద్ధుడైన ఆయన క్రొత్తగా బాకా పట్టే కుర్రవాళ్ల మధ్య నిలువబడి పాఠము చెప్పారు. జీవితాంతము ఆయనకు పల్లె బ్యాండులన్నా, బడి బ్యాండులన్నా ప్రీతి.

ఆ ప్రీతి చివరి రాత్రి వరకు నిలిచింది. 1932 మార్చి మొదటి వారములో ఆయన పెన్సిల్వేనియాలోని రెడింగ్ పట్టణమునకు వెళ్లారు. అక్కడి రింగ్‌గోల్డ్ బ్యాండు 80 ఏండ్ల పండుగకు ఆయనను పిలిచింది. అది ఆ ఊరివారి బ్యాండు. ఆయన వారితో సాధన జరిపించారు. ఆ సాధనలో చివరగా వాయించినది 1896 నాటి ఆ ప్రసిద్ధ గీతమే. ఆ రాత్రి బసకు చేరి, 6వ తేదీన గుండె ఆగి మరణించారు. వయస్సు 77. వాషింగ్టన్‌లో, తాను పుట్టిన ప్రాంతములోనే, ఆయనను సమాధి చేశారు.

మన సంఘాలలో పగలు పొలముపని, మేస్త్రీపని, బడిపని చేసుకొని సాయంత్రము ఒక గంట దొరికేవారు చాలామంది ఉన్నారు. పెద్ద బాకా నేర్చుకొనుటకు చిన్నతనమే కావాలని లేదు. దినమునకు పావుగంట నిండుగా ఊపిరి తీసికొని ఒకే స్వరమును నిలకడగా పట్టుట మొదటి పాఠము. పెదవులు అలసిపోతే ఆపి, మరునాడు మరల పట్టవలెను. కొన్ని నెలలకు క్రింది స్వరము నిండుగా పలికినప్పుడు నేల కదిలినట్లు వాయించేవాని ఛాతీలోనే తెలుస్తుంది. ఆ ఆనందము విని పొందేది కాదు, వాయించినవానికే దక్కేది. దేవరకొండలోనో నాగర్‌కర్నూలులోనో పదిమంది కలిసి చందా వేసికొని ఒక ట్యూబా కొనే దినము వస్తే, దానిని బీరువాలో పెట్టి తాళము వేయక, ఆశగల ఒక పిల్లవాని చేతికి ఇవ్వండి. సూసా తండ్రి 1868లో చేసిన పని అదే.