నిందలకు సంతకాలతో జవాబు చెప్పిన కేట్ షెపర్డ్

క్రైస్ట్‌చర్చ్: న్యూజిలాండ్‌లో మనం రోజూ చేతులు మార్చే పది డాలర్ల నోటు మీద ఒక మహిళ బొమ్మ, పక్కనే తెల్ల కెమెలియా పూలు కనిపిస్తాయి. ఆవిడే కేట్ షెపర్డ్. మహిళలకు ఓటు హక్కు సాధించిన నాయకురాలిగా మన పిల్లలు బడిలో ఆమె గురించి చదువుకుంటున్నారు. ఆ ఓటు కోసం ఆమె, ఆమె తోటివాళ్లు ఎన్ని మాటలు పడ్డారో మాత్రం అంతగా చెప్పుకోం.

కేట్ ఇంగ్లండ్‌లోని లివర్‌పూల్‌లో, స్కాట్లాండ్ మూలాలున్న కుటుంబంలో పుట్టారు. తండ్రి పోయాక 1869లో తల్లి, తోబుట్టువులతో కలిసి ఓడలో క్రైస్ట్‌చర్చ్ చేరారు. అంటే మనలాగే వలస వచ్చినావిడే. 1871లో వ్యాపారి వాల్టర్ షెపర్డ్‌తో పెళ్లి, 1880లో కొడుకు డగ్లస్. 1885లో మహిళల మద్యపాన వ్యతిరేక సంఘంలో చేరారు. తాగుడును అరికట్టమని ఎన్ని అర్జీలు పెట్టినా, ఓటు లేనివాళ్ల మాటను పార్లమెంటు పట్టించుకోలేదు. దాంతో 1887 నుంచి ఓటు హక్కు ఉద్యమ బాధ్యతను ఆమె తలకెత్తుకున్నారు.

అక్కడి నుంచి బురద జల్లడం మొదలైంది. ఓటు అడిగే ఆడవాళ్లు గయ్యాళులని, ఇల్లూ పిల్లలూ పట్టనివాళ్లని, ఆడతనమే లేనివాళ్లని ప్రచారం చేశారు. ఇక్కడ ఒక తేడా చూడాలి. వీళ్లకు ఓటిస్తే మద్యం దుకాణాలు మూయిస్తారని వ్యాపారులు భయపడ్డారు. ఆ భయం అబద్ధం కాదు, సంఘం కోరుకున్నదీ అదే. దాని మీద వాదించుకోవడం రాజకీయం. వాదన వదిలేసి మనిషి నడవడిక మీద పడటమే నింద. మన రాజమండ్రిలో 1881లో తొలి వితంతు వివాహం జరిపించిన కందుకూరి వీరేశలింగం పంతులుగారికీ ఇలాంటి అనుభవమే ఎదురైంది. కాలం అదే, సముద్రాలే వేరు.

ప్రత్యర్థుల్లో ముందున్నవాడు డునెడిన్ ఎంపీ హెన్రీ ఫిష్. మహిళలకు ఓటు వద్దంటూ మద్యం దుకాణాల్లో సంతకాలు సేకరించేందుకు డబ్బిచ్చి మనుషులను పెట్టాడు. కొన్ని సంతకాలు దొంగవని, కొన్ని మాయమాటలతో పెట్టించుకున్నవని బయటపడి, ఆ అర్జీలు ఆయనకే ఎదురు తిరిగాయి.

కేట్ దీనికి తిట్లతో జవాబివ్వలేదు. పత్రికల్లో వ్యాసాలు, ఉత్తరాలు రాశారు, సభలు పెట్టారు, ఎంపీలకు కరపత్రాలు పంపారు. ముఖ్యంగా సంతకాలు లెక్క పెట్టుకున్నారు. 1891లో 9 వేలకు పైగా, 1892లో దాదాపు 20 వేలు, 1893లో దాదాపు 32 వేలు. ఆ చివరి అర్జీల్లో పెద్దదాన్ని 546 కాగితాలను వరుసగా అంటించి చుట్టగా చుట్టారు. పొడవు 270 మీటర్లు! సర్ జాన్ హాల్ దాన్ని పార్లమెంటులో దొర్లిస్తే వెళ్లి అవతలి గోడకు తగిలిందట. ఆడవాళ్లకు ఓటు అక్కర్లేదన్న ప్రచారానికి ఇంతకన్నా జవాబేముంటుంది?

ప్రధాని రిచర్డ్ సెడన్ బిల్లును ఎగువ సభలో ఆపాలని చూశాడు. తమ పార్టీ సభ్యుడొకరి ఓటును టెలిగ్రాంతో మార్పించాడు. ఈ తంతుకు మండిపడి, అప్పటిదాకా వ్యతిరేకించిన ఇద్దరు సభ్యులు బిల్లు వైపు మొగ్గారు. 1893 సెప్టెంబర్ 8న 20-18 తేడాతో అది గట్టెక్కింది. సెప్టెంబర్ 19న గవర్నర్ సంతకం పెట్టారు. జాతీయ ఎన్నికల్లో మహిళలకు ఓటిచ్చిన తొలి స్వపరిపాలిత దేశం ఇదే. మావోరీ మహిళలకూ ఆ హక్కు వచ్చింది.

అయినా నోళ్లు మూతపడలేదు. పోలింగ్ కేంద్రాల్లో ఆడవాళ్లకు వేధింపులు తప్పవని భయపెట్టారు. ఎన్నికలకు మిగిలింది పది వారాలే. ఆ కాస్త వ్యవధిలోనే 1,09,461 మంది మహిళలు పేర్లు నమోదు చేసుకున్నారు. నవంబర్ 28న వారిలో 90,290 మంది ఓటేశారు. ఆ రోజు పండగలా గడిచింది.

1896లో క్రైస్ట్‌చర్చ్‌లోనే ఏర్పడిన జాతీయ మహిళా మండలికి కేట్ తొలి అధ్యక్షురాలు. తర్వాతి జీవితం అంత తేలిగ్గా సాగలేదు. భర్త ఇంగ్లండ్‌లో ఉండగా, ఆమె ఇక్కడ మిత్రులైన లోవెల్-స్మిత్ కుటుంబంతో కలిసి ఉన్నారు. కొడుకు 1910లో చనిపోయాడు. భర్త, ఆ ఇంటి ఇల్లాలు కన్నుమూసిన తర్వాత, 1925లో విలియం లోవెల్-స్మిత్‌ను పెళ్లాడారు. దీని మీద రకరకాల ఊహలు వచ్చాయి. సొంత విషయాల గురించి ఆవిడ కాగితాల్లో పెద్దగా మిగల్చలేదు కాబట్టి, నిందలు మోసిన మనిషి మీద మనం కొత్తగా కథలు అల్లడం ఎందుకు?

పార్లమెంటుకు పోటీ చేసే హక్కు మహిళలకు 1919లో గానీ రాలేదు. 1933లో పక్కనే ఉన్న లిటిల్టన్ నుంచి ఎలిజబెత్ మెకూంబ్స్ తొలి మహిళా ఎంపీగా గెలిచారు. అప్పటికి కేట్ బతికే ఉన్నారు. మరుసటి ఏడాది జూలై 13న కన్నుమూశారు. సమాధి అడింగ్టన్ శ్మశానంలో ఉంది. అర్జీ కాగితాలను అంటించిన ఆమె ఇల్లు క్లైడ్ రోడ్డులో ఇప్పటికీ ఉంది. ప్రభుత్వం దాన్ని కొని ప్రజల సందర్శనకు తెరిచింది.