తేలికపాటి సైనిక హెలికాప్టరుకు బాట వేసిన ఇగోర్ సికోర్‌స్కీ

ఉతై (భిలాయ్ ఉక్కు నగరం), ఛత్తీస్‌గఢ్: బస్తర్ అడవులలో గాయపడిన జవాన్లను హెలికాప్టరులో రాయ్‌పూర్ ఆసుపత్రికి తరలించారన్న వార్త ఈ రాష్ట్ర శ్రోతలకు కొత్త కాదు. కేంద్ర పారిశ్రామిక భద్రతా దళ శిక్షణ కేంద్రం ఉన్న ఉతైలోనూ, ఉక్కు కర్మాగారాన్ని నమ్ముకొని భిలాయ్‌లో స్థిరపడిన తెలుగు కుటుంబాలలోనూ అటువంటి వార్తను శ్రద్ధగా ఆలకిస్తారు. దారి లేని చోటికి, విమానం దిగలేని చోటికి, క్షతగాత్రుని చెంతకే వాహనం వెళ్లగలగడం నేడు సామాన్య విషయంగా తోస్తున్నది. కాని ఆ సామర్థ్యం వెనుక 30 సంవత్సరాల పాటు ఒకే ఆలోచనను విడువని ఒక ఇంజనీరు జీవితం ఉన్నది. ఆయనే ఇగోర్ సికోర్‌స్కీ.

సికోర్‌స్కీ 1889 మే 25న కీవ్ నగరంలో జన్మించారు. అప్పట్లో ఆ నగరం రష్యా సామ్రాజ్యంలో భాగం. తండ్రి మనస్తత్వశాస్త్ర ఆచార్యుడు. తల్లి వైద్యవిద్య అభ్యసించిన విదుషీమణి. లియొనార్డో డావిన్సీ ఊహించిన ఎగిరే యంత్రాల గురించి బాల్యంలో ఆమె చెప్పిన సంగతులు కుమారుని మనసులో నాటుకున్నాయి. సుమారు 12 ఏళ్ల వయసులోనే ఆయన రబ్బరు పట్టీతో నడిచే చిన్న హెలికాప్టరు నమూనాను తయారు చేశారు.

సెయింట్ పీటర్స్‌బర్గ్ నౌకాదళ విద్యాలయంలో చేరిన ఆయన 1906లో దానిని విడిచి ఇంజనీరింగు వైపు మళ్లారు. 1909లో పారిస్ నుంచి 25 అశ్వశక్తి గల ఇంజిను కొని తెచ్చి, కీవ్‌లో తొలి హెలికాప్టరును నిర్మించారు. అది నేలను వదలలేదు. మరుసటి ఏడు నిర్మించిన రెండవ యంత్రం తన బరువును తాను ఎత్తగలిగింది గాని మనిషిని మోయలేకపోయింది. ఇంజిన్ల శక్తి ఇంకా చాలదని గ్రహించి, ఆయన ఆ ప్రయత్నాన్ని పక్కన పెట్టి విమానాల వైపు దృష్టి సారించారు.

ఆ రంగంలో కీర్తి త్వరగానే దక్కింది. 1913లో ఆయన నిర్మించిన గ్రాండ్ విమానం ప్రపంచంలోనే మొదటి 4 ఇంజిన్ల విమానం. దాని తరువాత వచ్చిన ఇల్యా మురోమెత్స్ విమానాలు మొదటి ప్రపంచ యుద్ధంలో రష్యా సైన్యానికి భారీ బాంబర్లుగా పనిచేశాయి. కాని విప్లవంతో ఆయన స్థితి తారుమారైంది. 1918లో స్వదేశం వీడి ఫ్రాన్సు చేరి, 1919 మార్చి 30న న్యూయార్క్‌లో అడుగుపెట్టారు. జీవిక కోసం తోటి ప్రవాసులకు గణితం బోధించారు. 1923లో స్థాపించిన విమాన సంస్థ తొలి విమానాన్ని లాంగ్ ఐలండ్‌లోని ఒక కోళ్ల క్షేత్రంలో నిర్మించింది. ఆ కష్టకాలంలో ప్రసిద్ధ సంగీతకారుడు రఖ్మానినోవ్ 5,000 డాలర్లతో ఆదుకున్నారు. 1928లో సికోర్‌స్కీ అమెరికా పౌరసత్వం పొందారు. ఆయన రూపొందించిన నీటి విమానాలు మహాసముద్రాలు దాటాయి.

అయినా తొలి కల ఆయనను వీడలేదు. 1939 సెప్టెంబరు 14న కనెక్టికట్ రాష్ట్రంలోని స్ట్రాట్‌ఫర్డ్‌లో, 50 ఏళ్ల వయసులో, వి.ఎస్.-300 అనే హెలికాప్టరును స్వయంగా నడిపి నేల నుంచి పైకి లేపారు. భద్రత కోసం యంత్రాన్ని తాళ్లతో కట్టి ఉంచారు. 1940 మే 13న ఆ కట్లు లేకుండానే అది ఎగిరింది. ప్రపంచంలో ఎగిరిన తొలి హెలికాప్టరు ఇది కాదు. జర్మనీలో అంతకుముందే హెలికాప్టర్లు ఎగిరాయి. సికోర్‌స్కీ సాధించినది ఆచరణకు అనువైన సరళ నిర్మాణం.

హెలికాప్టరు పైనున్న పెద్ద రెక్కలు ఒక దిశలో తిరిగితే, యంత్రం మొత్తం వ్యతిరేక దిశలో తిరిగిపోవాలని చూస్తుంది. కొందరు నిర్మాతలు రెండు పెద్ద రెక్కల చక్రాలను ఎదురెదురు దిశలలో తిప్పి ఈ చిక్కును పరిష్కరించారు. సికోర్‌స్కీ పైన ఒకే చక్రాన్ని ఉంచి, తోక చివర నిలువుగా తిరిగే చిన్న చక్రాన్ని అమర్చారు. బరువు తగ్గింది, యంత్రం చిన్నదైంది. మన చేతక్, చీతా హెలికాప్టర్లలోనూ ఈనాటికీ ఆ అమరికే కనిపిస్తుంది.

ఆ నమూనా నుంచి ఆర్-4 అనే సైనిక హెలికాప్టరు పుట్టింది. దాని తొలి యంత్రం 1942 జనవరి 14న ఎగిరింది. మొత్తం 131 యంత్రాలు తయారయ్యాయి. భారీ సంఖ్యలో ఉత్పత్తి అయిన మొదటి హెలికాప్టరుగా ఇది గుర్తింపు పొందింది. అందులో రెండే సీట్లు. ఇంజిను శక్తి 200 అశ్వశక్తికి మించదు. పరిశీలనకు, శిక్షణకు, క్షతగాత్రుల తరలింపుకు ఒకే చిన్న యంత్రాన్ని వాడుకొనే పద్ధతికి నాంది ఇక్కడే పడింది.

దానికి అసలైన పరీక్ష భారత సరిహద్దుకు ఆవల ఎదురైంది. 1944 ఏప్రిల్‌లో బర్మాలో జపాన్ దళాల ఆధీనంలోని ప్రాంతంలో ఒక అమెరికన్ తేలికపాటి విమానం దిగిపోయింది. పైలటుతో పాటు ముగ్గురు క్షతగాత్రులైన బ్రిటిష్ సైనికులు అడవిలో చిక్కుకున్నారు. అస్సాంలోని లాలాఘాట్ స్థావరం నుంచి లెఫ్టినెంట్ కార్టర్ హర్మన్ ఆర్-4 తరగతి హెలికాప్టరుతో కొండలు దాటి బయలుదేరారు. వేడిగాలి పలచగా ఉంటుంది. అందులో రెక్కలకు ఎత్తే బలం తగ్గుతుంది, ఇంజిను శక్తీ తగ్గుతుంది. అందువల్ల ఒక విడతకు ఒక్కరినే తేగలిగారు. మొదటి రోజు ఇద్దరిని తెచ్చాక ఇంజిను వేడెక్కి మొరాయించింది. మర్నాడు మిగిలిన ఇద్దరినీ తెచ్చారు. యుద్ధరంగంలో హెలికాప్టరు చేసిన తొలి ప్రాణరక్షణగా చరిత్ర దీనిని నమోదు చేసింది.

యుద్ధం ముగిసిన ఏడాదే, 1945 నవంబరు 29న, కనెక్టికట్ తీరంలో తుపానుకు చిక్కిన పడవ నుంచి ఇద్దరిని సికోర్‌స్కీ సంస్థ హెలికాప్టరు తాడుతో పైకి లాగి రక్షించింది. ఆ హెలికాప్టరును నడిపినవారు సికోర్‌స్కీ బంధువు. యుద్ధం కోసం తయారైన యంత్రం విపత్తులో ఆపన్నహస్తం కాగలదని ఆ ఘటన నిరూపించింది.

భారత వైమానిక దళంలో హెలికాప్టరు శకం 1954లో సికోర్‌స్కీ సంస్థ నిర్మించిన ఎస్-55తోనే ఆరంభమైంది. తరువాత ఫ్రాన్సు నమూనాల ఆధారంగా బెంగళూరులోని హిందుస్థాన్ ఏరోనాటిక్స్ సంస్థ చేతక్, చీతాలను నిర్మించింది. 1984 నుంచి సియాచిన్ హిమానీనదంపై సైనికులకు సరకులు అందించేదీ, జబ్బుపడినవారిని దించేదీ ప్రధానంగా చీతాలే. బర్మాలో వేడి పెట్టిన పరీక్షనే అక్కడ ఎత్తు పెడుతుంది. సుమారు 6,000 మీటర్ల ఎత్తున గాలి ఎంత పలచన అంటే, ఒక్కో విడతలో కొన్ని పదుల కిలోల బరువునే మోయడం సాధ్యమవుతుంది. వయసు మీరిన ఈ యంత్రాల స్థానం కోసం 3 టన్నుల తరగతికి చెందిన స్వదేశీ తేలికపాటి హెలికాప్టరును రూపొందించారు. అది 2016 సెప్టెంబరులో తొలిసారి ఎగిరింది.

తెలుగు నేలతోనూ ఈ చరిత్రకు బంధం ఉన్నది. వైమానిక దళ హెలికాప్టరు పైలట్లు సికింద్రాబాద్ సమీపంలోని హకీంపేటలో చేతక్‌లపై శిక్షణ పొందుతారు. సికోర్‌స్కీ సంస్థ రూపొందించిన యు.హెచ్.-3హెచ్ హెలికాప్టర్లు విశాఖపట్నం నౌకాదళ వైమానిక స్థావరం నుంచి 2024 వరకు సేవలందించాయి. ఆ సంస్థ ఎస్-92 హెలికాప్టరుకు కావలసిన క్యాబిన్ల తయారీ 2010లో హైదరాబాద్‌లో మొదలైంది.

సికోర్‌స్కీ 1957లో పదవీ విరమణ చేసినా సలహాదారుగా కొనసాగారు. 1972 అక్టోబరు 26న, 83 ఏళ్ల వయసులో, కనెక్టికట్‌లోని ఈస్టన్‌లో కన్నుమూశారు. ముందురోజు వరకు కార్యాలయానికి వెళ్లి పనిచేసిన మనిషి ఆయన. భారీ బాంబర్లతో పేరు పొందిన ఆ నిర్మాత, హెలికాప్టరు ప్రాణాలు కాపాడిన ప్రతి సందర్భాన్నీ తన శ్రమకు దక్కిన ఫలంగా భావించేవారు. ఒక్క మనిషిని మోయలేక 1910లో నిలిచిపోయిన ఆయన యంత్రం, 34 ఏళ్ల తరువాత ఒక్కొక్కరిగా నలుగురిని మృత్యుముఖం నుంచి మోసుకొచ్చింది.